ఆవుల్ని తోలుకెళ్ళినవాడా, అడ్డుపడినావిడా?

మా బాబాయ్ మనవరాలు ఈ ఏడాది ఎం.ఏ. ఫిలాసఫీలో చేరింది. తెనాలిలో ఒక గృహప్రవేశం భోజనాల దగ్గర ఆ కబురు బయటపడింది. "దాంతో ఏం జాబ్ వస్తుందమ్మా?" అని ఎవరో మొదలుపెట్టారు. సివిల్స్‌కి పనికొస్తుందేమోలే అని ఇంకెవరో సర్దిచెప్పారు. చివరికి బాబాయ్ తీర్పు ఇచ్చేశాడు. "ఫిలాసఫీకి కాలేజీ ఎందుకే? నాలుగు దెబ్బలు తింటే అదే వస్తుంది."

ఆ పిల్ల ఊరుకోలేదు. "దెబ్బలు అందరూ తింటారు కదా తాతయ్యా. మరి అందరికీ రావాలిగా? కొందరికే ఎందుకొస్తుంది?"

"చూశారా, అప్పుడే మొదలెట్టింది" అని బాబాయ్ నవ్వాడు. పంక్తి మొత్తం నవ్వింది. ఈలోగా పెరుగు బకెట్ వచ్చింది, మాట ఎకరం రేట్ల మీదకి మళ్ళింది.

బాబాయ్ మీద నాకు కోపమేమీ లేదు. ఆయన అన్నది మనవైపు ఎవరిని కదిపినా అనే మాటే. ఆయన దగ్గర ఫిలాసఫీ లేకపోలేదు కూడా. అప్పిచ్చి మోసపోయిన సంగతి, అన్నదమ్ముల పంపకాలు, వాటిలోంచి పిండిన నీతులు బోలెడున్నాయి. కానీ ఎదురు ప్రశ్న వచ్చేసరికి దాన్ని నవ్వులో కలిపేశాడు. తేడా అంతా అక్కడే ఉందని నాకనిపిస్తోంది. ఒక మనిషిని తత్వవేత్త అనాలా వద్దా అని తేల్చుకోడానికి అతని మాటలు ఎంత బరువైనవో తూచడం దండగ. తన మాటకి గట్టి అడ్డు వచ్చినప్పుడు అతను ఏం చేశాడో చూస్తే చాలు.

"చాలు" అని రాసేశాను గానీ, నిజంగా చాలుతుందా అన్నదే అసలు గొడవ.

దెబ్బలూ డిగ్రీలూ

ముందు బాబాయ్ వాదం. కష్టాలు మనిషికి ఆలోచన నేర్పుతాయన్నది అబద్ధం కాదు. గ్రీకు తత్వవేత్త ఎపిక్టెటస్ బానిసగా బతికినవాడు, పైగా కాలు కుంటి. ఆయన బోధలు ఇప్పటికీ కష్టంలో ఉన్నవాళ్ళు వెతుక్కుని చదువుకుంటారు. కానీ అదే స్టోయిక్ సంప్రదాయంలో, అంటే మన చేతిలో లేనిదాన్ని నిబ్బరంగా ఒప్పుకోమనే బాటలో, ఆయనంత పేరున్న ఇంకొకాయన మార్కస్ అరీలియస్, రోమ్ చక్రవర్తి. ఎపిక్టెటస్ బోధల్ని తన చేతికిచ్చిన గురువుకి కృతజ్ఞత కూడా రాసిపెట్టుకున్నాడు. బానిసకీ చక్రవర్తికీ ఒకే తత్వం కుదిరింది. చక్రవర్తికి మాత్రం దెబ్బలు లేవా, పిల్లలు పోయారు, యుద్ధాలు, మహమ్మారి అంటారేమో. ఆ పిల్ల అన్నది అదే కదా. దెబ్బ తిననివాడెవడు?

ఇక డిగ్రీ. తత్వవేత్త స్పినోజాని 1656లో ఆమ్‌స్టర్‌డామ్ యూదు సమాజం వెలివేసింది. ఆయన కటకాలు (లెన్సులు) అరగదీసే పని చేసుకుంటూ బతికాడు. 1673లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం పిలిచి ప్రొఫెసర్ పదవి ఇస్తామంటే, ఆలోచించే స్వేచ్ఛకి ఎక్కడ హద్దులు పెడతారోనని వద్దన్నాడు. రాధాకృష్ణన్ గారు ఈ సబ్జెక్టు తీసుకోవడం వెనక ఉన్నది పెద్ద తపనేమీ కాదు. డబ్బుకి ఇబ్బందిగా ఉన్న రోజుల్లో, అదే కాలేజీలో చదువు పూర్తిచేసిన బంధువొకరు తన ఫిలాసఫీ పుస్తకాలు ఇచ్చేశారు. ఆ పుస్తకాలే ఆయన్ని 1936లో ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ పదవిదాకా నడిపించాయి.

కాలేజీ పనికిరాదని నేననను. అడిగినదానికి జవాబు చెప్పక తప్పని చోట మనిషిని నిలబెట్టడం కాలేజీ చేయగలిగిన గొప్ప పని. మన దగ్గర ఆ ఒక్కటే జరగదు. ముఖ్య అతిథి గంటన్నర మాట్లాడాక "సమయాభావం వల్ల ప్రశ్నలకు అవకాశం లేదు" అన్న ప్రకటన విననివాళ్ళు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి.

జనకుడి సభ

అడ్డు ఎదురైనప్పుడు పెద్దవాళ్ళు ఏం చేశారో చూడాలంటే మనకి బృహదారణ్యక ఉపనిషత్తుని మించిన చోటు లేదు. కథ అందరికీ తెలిసిందే గానీ, దాన్ని మరీ భక్తిగా చదివి అందులో ఉన్న గడుసుదనం పోగొట్టుకుంటాం. జనకుడు వెయ్యి ఆవుల్ని తెచ్చి, వాటి కొమ్ములకి బంగారం కట్టించి, మీలో గొప్ప బ్రహ్మవేత్త ఎవరో వాళ్ళు తోలుకెళ్ళండి అంటాడు. ఎవరూ కదలరు. యాజ్ఞవల్క్యుడు మాత్రం వాదం మొదలవకముందే శిష్యుణ్ణి పిలిచి "తోలుకెళ్ళు నాయనా" అంటాడు. అంటే మా అందరిలో నువ్వే గొప్పవాడివా అని జనకుడి పురోహితుడు అశ్వలుడు నిలదీస్తే, ఆ గొప్పవాడెవరో ఆయనకి మా నమస్కారం, మాకు ఆవులు కావాలంతే అని జవాబు. నాకు ఆ ఉపనిషత్తులో అన్నిటికంటే ఇష్టమైన వాక్యం అదే.

తర్వాత గార్గి అనే పండితురాలు వస్తుంది. ఇదంతా నీటిలో పడుగూపేకలా అల్లుకుని ఉంటే, నీళ్ళు దేనిలో అల్లుకుని ఉన్నాయి? గాలిలో. గాలి? అంతరిక్షంలో. అలా సూర్యలోకం, చంద్రలోకం, దేవలోకం, ప్రజాపతిలోకం దాటి బ్రహ్మలోకం దాకా వెళ్ళి, అది దేనిలో అల్లుకుని ఉందని అడుగుతుంది. అక్కడ యాజ్ఞవల్క్యుడు "గార్గీ, హద్దు మీరి అడగకు, నీ తల తెగి పడుతుంది" అంటాడు. ఆవిడ ఆగిపోతుంది.

నా కొలత ప్రకారం ఆ క్షణంలో యాజ్ఞవల్క్యుడు ఓడిపోయాడు. అవతలి వాదన గట్టిదైతే జవాబు చెప్పాలి, చెప్పలేకపోతే ఒప్పుకోవాలి. తల పడిపోతుందని చెప్పడం ఈ రెండిట్లో ఏదీ కాదు. వ్యాఖ్యానకారులు దీనికి సమర్థన ఇస్తారు. శ్రుతి (వేదం) ద్వారా తెలుసుకోవలసినదాన్ని గార్గి ఊహతో, తెలిసినదాన్నిబట్టి తెలియనిదాన్ని తేల్చే అనుమాన ప్రమాణంతో పట్టుకోబోయింది, అందుకే ఆపాడు అని. తోసిపారేయాల్సిన మాటేమీ కాదు. ప్రతి ప్రశ్నకీ వెనక ఇంకో ప్రశ్న వేసుకుంటూ పోతే ఎక్కడో ఆగాలి, ఎక్కడ ఆగాలన్నది తత్వంలో పెద్ద చిక్కే. కానీ "ఇక్కడ ఎందుకు ఆగాలో చెప్తాను విను" అనడం వేరు, "ఆగకపోతే చస్తావు" అనడం వేరు.

కథ అక్కడితో అయిపోలేదు. మధ్యలో ఉద్దాలకుడనే ఇంకో పండితుడి వంతు అయ్యాక గార్గి మళ్ళీ లేస్తుంది. ఈసారి సభ అనుమతి తీసుకుంటుంది. విల్లు ఎక్కుపెట్టి రెండు బాణాలు పట్టుకొచ్చిన యోధుడిలా రెండు ప్రశ్నలతో వచ్చానంటుంది. ఆకాశానికి పైనా, భూమికి కిందా, జరిగిందీ జరగబోయేదీ అన్నీ దేనిలో అల్లుకుని ఉన్నాయి? ఆకాశంలో. ఆ ఆకాశం దేనిలో? ప్రశ్న ఇంచుమించు పాతదే, చెక్కుకుని తెచ్చింది. ఈసారి బెదిరింపు లేదు, అక్షరం, అంటే నాశనం లేని తత్వం గురించి పూర్తి జవాబు వస్తుంది. ఆవిడ సభవైపు తిరిగి, ఈయనకి నమస్కారం పెట్టి బయటపడితే అదే పదివేలు, మీలో ఎవరూ ఈయన్ని గెలవలేరని ప్రకటిస్తుంది.

ఆ సభలో తత్వవేత్త అన్న మాటకి నిండుగా తగింది గార్గి అనే అంటాను. బెదిరిస్తే ప్రశ్న వదల్లేదు, జవాబు దొరికాక నలుగురిలో ఒప్పుకోడానికి వెనకాడలేదు. ఒక్కటే అనుమానం. తల పోతుందని హెచ్చరించాక ఒప్పుకున్న ఓటమి నిజంగా ఓటమేనా? ఆవిడ తర్వాత హద్దు మీరిన శాకల్యుడనే ఇంకో పండితుడి తల నిజంగానే పడిపోయిందనీ, అతని ఎముకల్ని కూడా దొంగలు ఇంకేదో అనుకుని ఎత్తుకుపోయారనీ అదే ఉపనిషత్తు చెబుతుంది. అలాంటి సభలో ఎవరి "సరే"కైనా ఎంత విలువ ఇవ్వాలి?

రాజుల వాదం, పండితుల వాదం

ఈ అనుమానానికి బౌద్ధుల దగ్గర మంచి మందుంది. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో వాయవ్య భారతాన్ని ఏలిన గ్రీకు రాజు మినాండర్ పాళీ కథలో మిళిందుడయ్యాడు. నాగసేనుడనే భిక్షువుతో వాదానికి కూర్చోబోతే, ఆయన ముందుగానే షరతు పెడతాడు. పండితుల్లా వాదిస్తానంటే మాట్లాడతాను, రాజుల్లా అయితే మాట్లాడను. తేడా ఏమిటని రాజు అడుగుతాడు. పండితుల వాదంలో ముడి వేయడం, విప్పడం, తప్పు చూపించడం, తప్పు ఒప్పుకోవడం అన్నీ ఉంటాయి, ఎవరికీ కోపం రాదు. రాజులు ఒక మాట అంటారు, కాదన్నవాడికి శిక్ష వేయమంటారు. మిళిందుడు సరే పండితుల్లానే అంటాడు. వాదానికి ముందు ఎవరి తలకీ హాని లేదని తేల్చుకోవడం నాకు చాలా నచ్చింది. మన టీవీ చర్చల్లో నలుగురు రాజులు కూర్చుంటారు, పండితుడు ఒక్కడూ ఉండడు.

బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడు ఇంకో అడుగు ముందుకేశాడు. ఆయన పేరు వింటే మనకి ముందు డ్యామ్ గుర్తొస్తుంది, అది మన ఖర్మ. అన్నీ శూన్యమని, అంటే దేనికీ తనంతట తాను నిలిచే ఉనికి లేదని చెప్పినాయన తన వాదం నిలబెట్టుకోడానికి రాసిన ఒక చిన్న గ్రంథంలో మొదటి 20 కారికలూ (శ్లోకాలూ) ప్రత్యర్థికే ఇచ్చేశాడు. అందులో మొదటి దెబ్బే గట్టిది. అన్నీ శూన్యమైతే నీ మాట కూడా శూన్యమే, శూన్యమైన మాట దేన్నైనా ఎలా ఖండిస్తుంది? ఇంతకంటే బాగా ఆయన్ని ఇరికించడం శత్రువుల వల్ల కూడా కాదు. ఆ తర్వాతే జవాబు మొదలవుతుంది. నా మాట కూడా శూన్యమేనయ్యా, బండీ కుండా బట్టా శూన్యమై ఉండి కూడా వాటి పని అవి చెయ్యటం లేదా, నా మాటా అంతే అంటాడు. ఆ జవాబు నిలుస్తుందా లేదా అని ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. నాకైతే సగమే ఒప్పుదలగా ఉంటుంది. కానీ తన మీద పడాల్సిన రాయిని తనే ఏరి, నునుపు చేసి అవతలివాడి చేతికిచ్చినవాడి మీద గౌరవం ఎలా తగ్గుతుంది?

పూర్వపక్షం, అంటే అవతలివాడి వాదాన్ని ముందుగా చెప్పడం అన్న పేరుతో మోసం కూడా జరుగుతుందని తెలుసు. అవతలివాడి వాదాన్ని కావాలని బక్కగా రాసి పడగొట్టడం పాత విద్యే. పరలోకాన్నీ వేదాల్నీ ఒప్పుకోని చార్వాకుల సొంత రాతలు దాదాపుగా మిగల్లేదు. 14వ శతాబ్దంలో మాధవాచార్యుడు దర్శనాలన్నిటినీ వరసపెట్టి రాస్తూ మొదట వాళ్ళతోనే మొదలుపెట్టాడు కాబట్టి ఆమాత్రమైనా తెలుస్తోంది. అందులో ఎంత వాళ్ళ మాటో, ఎంత ప్రత్యర్థి కల్పనో ఎవరు చెప్తారు? అయినా కాదన్నవాడి మాటని రాసి మరీ కాదనే ఆచారం లేకపోతే అదీ దక్కేది కాదు.

యేనాకి వచ్చిన ఉత్తరం

ఒప్పుకోవడం అంటే ఎంత ఖర్చవుతుందో తెలియాలంటే ఫ్రేగెని చూడాలి. జర్మనీలోని యేనాలో గణితం ప్రొఫెసర్. అంకగణితం మొత్తాన్ని తర్కం పునాది మీద నిలబెట్టాలని జీవితం ధారపోశాడు. మొదటి సంపుటం 1893లో వచ్చింది, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. రెండోది అచ్చులో ఉండగా, 1902 జూన్ 16 తేదీతో ఇంగ్లీషు తత్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్ నుంచి ఉత్తరం వచ్చింది. రస్సెల్‌కి అప్పుడు ముప్ఫై ఏళ్ళు. మెచ్చుకోళ్ళ తర్వాత, నాకు ఒక్కచోటే ఇబ్బందిగా ఉందని రాశాడు. తమలో తాము సభ్యులు కాని సమితులన్నిటినీ కలిపి ఒక సమితి చేస్తే, అది తనలో తాను ఉన్నట్టా, లేనట్టా? ఉందంటే లేదు, లేదంటే ఉంది. ఫ్రేగె కట్టిన పునాదిలో ఇలాంటి సమితికి అడ్డు లేదు. అంటే కట్టడం మొత్తం కూలినట్టే.

ఫ్రేగెకి అప్పుడు యాభై దాటింది. ఆ కుర్రాడి ఉత్తరాన్ని పక్కన పడేసి ఉండొచ్చు, అచ్చు ఆపేసి మౌనంగా ఉండొచ్చు, ఏదో చిన్న సవరణ అని నెట్టుకురావచ్చు. జూన్ 22 తేదీతో జవాబు రాశాడు. మీరు కనిపెట్టినది నన్ను నిర్ఘాంతపరిచింది, నేను అంకగణితాన్ని కట్టబోయిన నేలే కదిలిపోయింది అని. 1903లో వచ్చిన రెండో సంపుటానికి చివర అనుబంధం చేర్చి, పని ముగిశాక పునాది కదలడం కంటే రాసేవాడికి రాగల పెద్ద దురదృష్టం దాదాపు ఉండదని మొదలుపెట్టి ఆ సమస్యని పాఠకుల ముందు పెట్టాడు. తను వేసిన అతుకు కూడా నిలవలేదు. దాదాపు అరవై ఏళ్ళ తర్వాత, నిజాయితీ విషయంలో దీనికి సాటి వచ్చేది తనకి తెలియదని రస్సెల్ రాశాడు.

ఇక్కడితో ఆపితే ఫ్రేగె మహానుభావుడు, కథ కంచికి. కానీ ఆయన 1924లో రాసుకున్న డైరీ ఉంది. యూదుల మీద ద్వేషం, ప్రజాస్వామ్యం మీద ఏవగింపు, ఏ తర్కమూ లేని మాటలు. సమితుల విషయంలో ఒక్క ఉత్తరానికి జీవితకాలపు శ్రమని వదులుకోగలిగినవాడు, పొరుగువాడి విషయంలో తనని తాను ఒక్క ప్రశ్న కూడా వేసుకోలేదు. నా కొలతకి ఇది పెద్ద దెబ్బే. మనిషి తత్వవేత్తగా ఉండేది కొన్ని విషయాల్లోనే కాబోలు. అది మొత్తం మనిషికిచ్చే బిరుదు అనుకోవడం వల్లే, డైరీ బయటపడినప్పుడల్లా మనకి ఇంత షాక్.

లొంగిపోవడమేనా?

ఎదురు వాదనకి ఒప్పుకోవడమే గొప్పైతే, గాలి ఎటు వీస్తే అటు ఊగేవాడే తత్వవేత్త అవుతాడుగా అనొచ్చు. సోక్రటీస్ చచ్చిపోయాడు గానీ మాట మార్చుకోలేదు కదా? నిజమే. కానీ స్నేహితుడు క్రీటో జైలుకొచ్చి పారిపోదాం పద అన్నప్పుడు ఆయన ఏమన్నాడో చూడాలి. పరీక్షించి చూస్తే ఏ వాదం మేలనిపిస్తుందో దానికే నేను కట్టుబడతాను, ఇప్పుడు కష్టం వచ్చిందని పాత వాదాల్ని వదిలేయను, నీ దగ్గర వాటికి ఎదురు చెప్పేదేమైనా ఉంటే చెప్పు, వింటాను అని. చివరికి క్రీటో, నా దగ్గర చెప్పడానికేమీ లేదంటాడు. అప్పుడు సోక్రటీస్ ఉండిపోయాడు. చావుకి ఎదురుగా కూర్చుని కూడా అవతలివాడికి అవకాశం ఇచ్చాక పట్టిన పట్టు అది. విననని పట్టిన పట్టుతో దాన్ని కలపకూడదు.

ఇంకో అభ్యంతరం దీనికంటే గట్టిది. జడ్జీ ఇరుపక్షాలూ వింటాడు, సైంటిస్టు ప్రయోగం తప్పయితే సిద్ధాంతం మార్చుకుంటాడు, వాళ్ళందరూ తత్వవేత్తలేనా? కాదు, ఎందుకంటే వాళ్ళకి బయట ఒక ఆధారం ఉంది. జడ్జీకి చట్టం ఉంది, పైకోర్టు ఉంది. సైంటిస్టు మొండికేస్తే ల్యాబ్‌లో సూది అబద్ధం చెప్పదు. తత్వంలో అలాంటి అంపైర్ లేడు. వాదన బాగాలేదని నువ్వు ఒప్పుకోకపోతే నిన్ను ఒప్పించే యంత్రం ఏదీ లేదు. అందుకే ఇక్కడ మొండివాడు కూడా బతికినంతకాలం తత్వవేత్తగా చలామణి అయిపోగలడు, చుట్టూ శిష్యులుంటే మరీ.

జిడ్డు కృష్ణమూర్తి గారి గురించి ఈ లెక్కలో చెప్పమంటే నా జవాబు సగంసగమే. మదనపల్లెలో 1895లో పుట్టి, జగద్గురువుగా పెంచబడి, 1929 ఆగస్టు 3న నెదర్లాండ్స్‌లోని ఓమెన్‌లో తను అధిపతిగా ఉన్న సంస్థని తానే రద్దు చేయడం అసలు సిసలు తత్వవేత్త చేసే పని. తర్వాతి ప్రసంగాల్లో మాత్రం ప్రశ్నలు వేసేదీ ఆయనే, జవాబు దారి నడిపించేదీ ఆయనే. డేవిడ్ బోమ్ లాంటి భౌతిక శాస్త్రవేత్త ఎదురుగా కూర్చుని మాటని పట్టి లాగిన సంభాషణల్లోనే నాకు మళ్ళీ 1929 నాటి మనిషి కనిపిస్తాడు.

సభ లేనివాళ్ళు

ఇంత రాశాక నా వాదంలో నాకే గుచ్చుకునే ముల్లు ఒకటుంది. అడ్డు వచ్చినప్పుడు ఏం చేస్తాడో చూడాలన్నాను. అడ్డు చెప్పేవాళ్ళే దొరకని వాళ్ళ సంగతేమిటి? వాళ్ళ మాటకి జవాబే ఇవ్వని చోట?

బొహీమియా రాకుమారి ఎలిజబెత్ 1643 మేలో ఫ్రెంచి తత్వవేత్త డెకార్త్‌కి ఉత్తరం రాసింది. అప్పటికి ఆవిడకి ఇరవై నాలుగేళ్ళు. రాజ్యం పోయిన కుటుంబం, హాలండ్‌లో ప్రవాసం. ఆత్మకి రూపం లేదు, అది చోటు ఆక్రమించదు అంటున్నారు కదా, మరి అది శరీరాన్ని ఎలా కదిలిస్తుంది? తోయాలంటే తాకాలి, తాకాలంటే చోటు ఉండాలి. డెకార్త్ బరువు ఉదాహరణతో ఏదో చెప్పాడు. ఆవిడ మళ్ళీ రాసింది, రూపం లేనిది శరీరాన్ని కదిలిస్తుందని ఒప్పుకోవడం కంటే ఆత్మకి రూపం ఉందనుకోవడమే నాకు తేలిక అని. ఆయన అప్పుడు, ఇలాంటి విషయాల మీద మరీ ఎక్కువసేపు గడపకండి, నేను కూడా ఏడాదికి కొద్ది గంటలే కేటాయిస్తానని రాశాడు. "గార్గీ, హద్దు మీరి అడగకు" అన్నదానికి ఇది మర్యాదస్తుల భాష. ఆ తర్వాత కూడా ఉత్తరాలు ఆగలేదు, డెకార్త్ ఒక గ్రంథం ఆవిడకి అంకితమిచ్చాడు కూడా. ఆవిడ మాత్రం సొంతంగా ఏ గ్రంథమూ రాయలేదు, ఉత్తరాలే. నాలుగు వందల ఏళ్ళు దగ్గరపడుతున్నా మనసూ శరీరం మీద చర్చ మొదలెట్టినవాళ్ళు ఆ ప్రశ్న దాటి పోలేకపోతున్నారు.

ఎలిజబెత్ రాకుమారి కాబట్టి డెకార్త్ జవాబు రాశాడు. గార్గికి జనకుడి సభలో చోటుంది. మరి వేమనకి?

నా కొలతతో మొదట చూసినప్పుడు వేమన బయటికే పోయాడు. "శిలను ప్రతిమ చేసి చీకటిలో బెట్టి మ్రొక్కవలదు వెర్రి మూఢులార" అంటే అవతలివాడికి నోరు తెరిచే సందేది? ఎదుటివాణ్ణి మూఢుడన్నాక పూర్వపక్షం ఎక్కడిది? ఈ మాట అన్నందుకు నన్ను తిట్టుకునేవాళ్ళు తిట్టుకోండి, కానీ ఆ పద్యంలో కొట్టడం ఉంది, వినడం లేదు.

"భూమి నాది యన్న భూమి పక్కున నవ్వు" అన్న పద్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. ఇందులో తిట్టు లేదు. పట్టా చేతిలో పట్టుకున్నవాడి వైపు నుంచి కాకుండా భూమి వైపు నుంచి చూస్తే "నాది" అన్న మాటకి అర్థమేమైనా మిగులుతుందా అని అడుగుతోంది. పోయేది వాడే, ఉండేది అది. ఎవరు ఎవరి సొత్తు? దీనికి జవాబు చెప్పాలంటే ఆస్తి అంటే ఏమిటో మొదటి నుంచీ తవ్వుకు రావాలి. ఎవరో ఒక పండితుడు కూర్చుని "కాదు వేమనా, వ్యవహారంలో స్వామ్యం అంటే శాశ్వతత్వం అని కాదు" అని మొదలుపెట్టి ఉంటే, వేమన ఏమనేవాడో అన్న ఆత్రం నాకుంది. ఆ ముచ్చట జరగలేదు. పండితులు ఆయన్ని వాదానికి తగినవాడిగా లెక్కే చేయలేదు. పద్యాలు జనం నోళ్ళలో నానుతూ ఉండగా, పోగుచేసి 1829లో అచ్చు వేయించడానికి బ్రౌన్ దొర రావాల్సి వచ్చింది.

జవాబు చెప్పేవాడు లేనప్పుడు గొంతు పెరుగుతుంది, "మూఢులార" అన్న పిలుపు వస్తుంది. దాన్ని వేమన లోపంగా రాసుకోడానికి నాకిప్పుడు చెయ్యి రావడం లేదు. ఆయన సంగతి నా కొలతలో తేలలేదు. ఆయనకి ఎదురుగా కూర్చోని పండితుల సంగతి మాత్రం తేలిపోయింది. వాళ్ళలో ఎంతమంది తర్కం చదివి, ఎన్ని బిరుదులు మోసినా సరే.